అర శ్రుతి కిందికి

అబద్ధాలాడేవాళ్ళకి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. ఈ చెల్లెలికి ఆ బాధ కూడా లేకపోయింది. ఆమె ఆడిన అబద్ధాన్ని కీబోర్డే గుర్తుపెట్టుకునేది.

కీబోర్డు ఎడమ పక్కన చిన్న బటన్ ఒకటి ఉంది. దాన్ని కింది కొసన ఒకసారి నొక్కితే వాయిద్యం మొత్తం అర శ్రుతి కిందికి దిగుతుంది, పై కొసన నొక్కితే మళ్ళీ ఎక్కుతుంది. వేళ్ళు మాత్రం ఎప్పటి మెట్ల మీదే ఆడతాయి, చూసేవాడికి తేడా ఏమీ కనబడదు. పాడేవాడికి మాత్రం అందని స్వరం అందుతుంది. ఆ పాడేవాడు ఆమె అన్నయ్య. ఆ బటన్ సంగతి ఆయనకు తప్ప బ్యాండులో అందరికీ తెలుసు.

అందరూ అంటే ఎంతమందనీ? నలుగురు. అన్నయ్య పాడతాడు. ఆమె కీబోర్డు వాయిస్తుంది. ఆమె మొగుడు డ్రమ్స్ వాయిస్తాడు, నోరు కూడా వాయిస్తాడు. గిటారు వాయించేవాణ్ణి పొడుగాడు అంటారు. పదేళ్ళుగా అదే వ్యాను ఎక్కుతూ పదేళ్ళుగా అదే తలుపుకి తల కొట్టుకునే మనిషికి ఇంకో పేరెందుకు? పెళ్ళిళ్ళు, హోటళ్ళు, కంపెనీల వార్షికోత్సవాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోయేవారు. ఒకచోట జనం కుర్చీలెక్కి గెంతేవారు. ఇంకోచోట చరణం మధ్యలో ఎవడో వచ్చి మైకు లాక్కుని, గేటుకి అడ్డంగా పెట్టిన తెల్లకారు తీయమని చెప్పి పోయేవాడు. "మన పాట కంటే వాడి కారుకే చప్పట్లెక్కువ పడ్డాయి బావా" అని ఆమె మొగుడు అంటే అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మాటిమాటికీ బావా బావా అనుకునే ఆ ఇద్దర్నీ చూస్తే ఆమెకి కడుపు నిండిపోయేది.

అన్నయ్యంటే ఆమెకి ప్రాణం. పదకొండేళ్ళప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని స్వరాలు నేర్పింది ఆయనే. వేలు తప్పితే తిట్టేవాడు కాదు, ఆ తప్పు స్వరాన్ని కూడా కలుపుకుని పాడేసేవాడు.

ప్రతి కచేరీ చివరా ఒక పాట ఉండేది. కొసపాట అనుకునేవారు దాన్ని. రెండో చరణం చివర ఒక పై స్వరం వస్తుంది. అది వచ్చేసరికి అన్నయ్య మైకుని మూరెడు దూరం జరిపేవాడు. ఆ తర్వాత హాల్లో మైకు అవసరం ఉండేది కాదు. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయేవి.

మూడేళ్ళ కిందట ఒక హోటలు ప్రారంభోత్సవంలో ఆ స్వరం జారింది. బయటివాళ్ళకి తెలిసిందో లేదో గానీ, వ్యానులో ముందు సీట్లో కూర్చున్న మనిషి దారి పొడుగునా పలకలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు, "నా పని అయిపోయిందే చెల్లీ" అన్నాడు. ఆ ముఖం చూసి ఆమె ఏడ్చినంత పనిచేసింది.

"దానికింత రాద్ధాంతమెందుకు? ఆ బటనుందిగా, ఓ నొక్కు నొక్కు" అన్నాడు మొగుడు. "నాలుగు రోజులు అలా తోసుకొస్తే గొంతు అదే సర్దుకుంటుంది."

సరే, నొక్కింది. తరవాతి కచేరీలో కొసపాట పై స్వరం దివ్యంగా పలికింది. వేదిక దిగీ దిగకముందే అన్నయ్య ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. "చూశావా! అలసటే! ఒట్టి అలసటే! నేనింకా ఇరవయ్యేళ్ళు పాడతానే!" ఆ రోజు ఆమెకున్నంత సంతోషం ఆ హాల్లో పెళ్ళికూతురికి కూడా లేదు.

పొడుగాడు ముందే పట్టేశాడు. గిటారు తీగలు ఎప్పుడూ ఆమె కీబోర్డుకే సరిచేసుకునేవాడు. ఆమె మెట్టు నొక్కి స్వరం ఇస్తే, అతను చెవి ఒగ్గి తీగ తిప్పుకునేవాడు. "అక్కా, ఇవాళ తీగలు వదులైపోయాయేంటి?" అన్నాడు. ఆమె అతని వంక చూసింది. ఇంకేమీ అడగలేదు పాపం, మంచివాడు. మంచివాళ్ళంతా కలిస్తేనే ఇలాంటి పనులు సజావుగా సాగుతాయి.

నాలుగు రోజులన్నది ఏడాదైంది. ఏడాదికి మళ్ళీ స్వరం జారబోయింది. జారకముందే ఆమె రెండో నొక్కు నొక్కింది.

గొంతులో చిన్న జీర మాత్రం వచ్చింది. వినేవాళ్ళు అది కూడా బాగుందన్నారు. వదిన మాత్రం అనలేదు. పొద్దున్నే బాత్రూములో ఆయన గీరుకుంటూ దగ్గే దగ్గు వినేది ఆవిడ కదా. పోరగా పోరగా, ఒక సోమవారానికి గొంతు డాక్టరు దగ్గర సమయం తీసుకుంది. ముందురోజు ఆదివారం అందరూ ఇంటివెనక షెడ్డులో రిహార్సలు చేసుకుంటుంటే, అక్కడికే వచ్చి నిలబడింది.

"రేపు పదింటికి. మరిచిపోయానంటే కుదరదు."

"నాకేం రోగమే? ఇదిగో, నీ ఎదురుగానే తేలుద్దాం" అన్నాడు అన్నయ్య. "కొసపాట పాడతా. ఆ పై స్వరం అందిందా, డాక్టరూ లేదు గీక్టరూ లేదు. అందలేదా, నోరు మూసుకుని నీ వెంట వస్తా. వాయించవే చెల్లీ!"

ఆమె చెయ్యి బటన్ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళలేదని ఎవరైనా అంటే అబద్ధం. రెండు నొక్కులు పైకి నొక్కితే చాలు, నిజమేదో ఆ షెడ్డులోనే తేలిపోయేది. తలెత్తి చూసింది. అన్నయ్య కళ్ళు మూసుకుని, పెదాలు తడుపుకుని, పరీక్ష రాయబోయే పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. అలా నిలబడ్డవాణ్ణి పడెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. చెయ్యి వెనక్కొచ్చేసింది.

అన్నయ్య పాడాడు. స్వరం అందింది. ఆమె మొగుడు డ్రమ్స్ మీద పెద్దగా ఒకటి మోగించాడు. అన్నయ్య చేతులు రెండూ చాపి భార్య వైపు తిరిగాడు.

వదిన ఆయన్ని చూడలేదు. "నువ్వు చెప్పమ్మా" అంది ఆడపడుచుతో. "నీకు చెవులున్నాయి. నిజంగా ఏ తేడా లేదా?"

"ఏం లేదు వదినా. గొంతు బంగారంలా ఉంది" అంది ఆమె.

అంతే, వదిన ఫోను చేసి రావట్లేదని చెప్పేసింది. మరుసటేడు మూడో నొక్కు. ఇక దాని సంగతి ఆమె ఆలోచించడం కూడా మానేసింది. ఎక్కడ నొక్కి వదిలేసిందో కీబోర్డు అక్కడే ఉండేది, ఆపినా, మళ్ళీ పెట్టినా.

ఇంకో ఏడాది కావస్తుండగా ఒక ఆదివారం ఫ్యాక్టరీ వార్షికోత్సవం, మధ్యాహ్నం భోజనాలప్పుడు వాయించాలి. వైర్లు కలుపుతుండగా కరెంటు ఒక్కసారి ఎగదన్నింది. కీబోర్డులోంచి కాలిన వాసన వచ్చింది, దాని దీపాలన్నీ ఆరిపోయాయి. ఆమె తట్టింది, ఊదింది, బతిమాలింది. చచ్చినదాన్ని బతిమాలితే లేస్తుందా?

హాలు మేనేజరు పరుగెత్తుకెళ్ళి ఎక్కడినుంచో ఇంకో కీబోర్డు తెచ్చిపెట్టాడు. వేరే కంపెనీది. ఆమె ఎప్పుడూ చూడని రకం. "తొందరగా కానివ్వండమ్మా, ఛైర్మన్ గారు వచ్చేశారు" అని నెత్తిమీద నిలబడ్డాడు. ఆమె గబగబా ధ్వని ఎంచుకుని, ఎప్పటి మెట్టే నొక్కి పొడుగాడికి స్వరం ఇచ్చింది. అతను తీగలు తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు.

"అక్కా, ఇవాళ మరీ బిగుసుకుపోతున్నాయే" అంటుండగానే సన్నతీగ పుటుక్కున తెగింది. "ఛీ, ఏం దినంరా బాబూ!" అని తిట్టుకుంటూ కొత్తతీగ వెతుక్కున్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఎదుట నాలుగొందల మంది, పక్కన మేనేజరు, చేతికింద పరాయి కీబోర్డు. వేళ్ళకి తెలిసింది పాత మెట్లే, అక్కడే పెట్టుకుంది.

మొదటి రెండు పాటలూ మెల్లగా సాగేవి, గడిచిపోయాయి. అన్నయ్య నుదురు తుడుచుకుని మంచినీళ్ళు తాగాడు. ఎప్పుడూ తాగడు. ఆ తర్వాత చీటీ వచ్చింది. ఛైర్మన్ గారు తొందరగా వెళ్ళాలట, మీ పేరుమోసిన పాటేదో అది పాడేయండని. అన్నయ్య ఆమె వైపు తిరిగి కన్నుగీటాడు. కొసపాట మొదలైంది.

మొదటి చరణంలోనే అన్నయ్య మెడ నరాలు తేలాయి. అప్పుడు తట్టింది ఆమెకి. ఇది శ్రుతి దించని కీబోర్డు. బటన్! ఆ బటన్ ఈ కీబోర్డుకి ఎక్కడుంది? కుడిచేత్తో వాయిస్తూ ఎడమచేత్తో తడుముకుంది. ఒకటి నొక్కితే ఎర్రలైటు వెలిగింది, ఇంకోటి నొక్కితే ఆరింది. దొరికినా ఏం లాభం? పాట మధ్యలో శ్రుతి మార్చితే గిటారు ఒక దారి, గొంతు ఒక దారి అయిపోతాయి. ఆపేద్దామనుకుంది. చేతులు ఆగలేదు. ఇరవై రెండేళ్ళలో అన్నయ్య పాడుతుండగా ఎన్నడూ ఆగని చేతులవి.

రెండో చరణం చివరికొచ్చింది. అన్నయ్య మైకుని మూరెడు దూరం జరిపాడు. నోరు తెరిచాడు. ముందు ఒక చీలిన శబ్దం వచ్చింది, తర్వాత అదీ లేదు. గాలి మాత్రమే. ముందు బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య మళ్ళీ ఊపిరి పీల్చి, మళ్ళీ ప్రయత్నించాడు. అక్కడే దిగి పోవచ్చు కదా! పోలేదు, మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గు అందుకుంది. వంగిపోయి దగ్గి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని తీస్తే, దాని మీద నెత్తురు చుక్కలు.

నాలుగు రోజులకి గొంతు డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు, అన్నయ్య, వదిన, ఆమె. గొంతులోకి గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ కాగితం డాక్టరమ్మ చేతిలో ఉంది. చెడ్డ గడ్డేనంది. ఎంతమందికి చెప్పి ఉంటుందో, తడబడకుండా చెప్పింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి, ప్రాణానికి భరోసా ఇస్తాను, గొంతుకి ఇవ్వలేను అంది.

వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య కళ్ళార్పకుండా వింటున్నాడు.

"పైస్థాయి అందకపోవడం ఎప్పట్నుంచండీ?" అని అడిగింది డాక్టరమ్మ, కలం తీసుకుని.

"మొన్న ఆదివారం నుంచే" అన్నాడు అన్నయ్య. గొంతు బొంగురుగా ఉంది.

"అలా ఉండదండీ. ఇది ఏళ్ళ తరబడి పెరిగింది. మామూలువాళ్ళంటే తెలుసుకోలేరు, మీరు పాటగాళ్ళు. అందరికంటే ముందు మీకే తెలియాలి. మొదట్లో చిన్న తెల్లమచ్చలా ఉంటుంది, గీకేస్తే పోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు."

"లేదమ్మా" అన్నాడు అన్నయ్య. ఇంత జరిగినా ఆ గొంతులో ఇంకా గర్వం మిగిలే ఉంది. "మూడేళ్ళలో ఒక్క స్వరం తప్పలేదు నాకు. కావాలంటే మా చెల్లెల్ని అడగండి. పక్కనే ఉంటుంది, దానికి తెలుసు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

చెప్పకపోతే ఏమవుతుంది, ఇప్పుడెలాగూ ఒకటే కదా అని ఆమెకి అనిపించింది. ఆ మాట అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"మూడేళ్ళ కిందటే తప్పిందన్నయ్యా" అంది. "నేనే శ్రుతి దించాను. ముందు అర. తర్వాత ఇంకో అర. తర్వాత ఇంకోటి. నువ్వు అందుకున్నవి ఆ స్వరాలు కావు."

వదిన నోట్లోంచి కొంగు తీసింది. "నేను షెడ్డులో అడిగిన రోజు?"

"అప్పటికే రెండు దించాను వదినా."

వదిన తన కుర్చీ ఆమెకి దూరంగా జరుపుకుంది. అరిచినా, జుట్టు పట్టుకున్నా, నాలుగు తన్నినా బాగుండేది. అన్నయ్య చాలాసేపు చెల్లెలి చేతుల వంకే చూశాడు. తర్వాత ముఖం తిప్పుకున్నాడు.

"మూడేళ్ళని రాసుకోండమ్మా" అన్నాడు డాక్టరమ్మతో.

ఆపరేషనుకి తొమ్మిది రోజులు గడువిచ్చారు. ఆ తొమ్మిది రోజులూ అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. బొంగురు గొంతుతోనే భార్యతో గంటలకొద్దీ మాట్లాడాడు. బావతో మాట్లాడాడు. బటన్ నొక్కమన్నది తనేనని ఆ బావ కాళ్ళమీద పడబోతే పట్టుకుని లేపి, పక్కన కూర్చోబెట్టుకుని పాత కచేరీల కబుర్లు చెప్పి నవ్వించాడు. పొడుగాడు వస్తే ఇంకా తల కొట్టుకుంటున్నావురా అని అడిగాడు. పేపరువాడితో, ఎదురింటాయనతో, రాంగ్ నంబరు ఫోను చేసిన మనిషితో కూడా మాట్లాడాడు.

చెల్లెలు రోజూ పొద్దున్నే వెళ్ళేది, వరండాలో కూర్చునేది. లోపల్నుంచి ఆయన మాటలు వినబడేవి. ఆమె గదిలోకి అడుగుపెడితే ఆగిపోయేవి. కోపంగా చూసేవాడు కాదు. కుర్చీ చూపించేవాడు, తన కంచంలోది ఒక పండు తీసి చేతిలో పెట్టేవాడు. మాట మాత్రం లేదు. "అన్నయ్యా, తిట్టు" అని బతిమాలేది. "ఒక్క మాట అను, చాలు." తలవంచుకుని కూర్చునేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో చక్రాల మంచం పక్కన నడిచింది. తలుపు దగ్గర నర్సు ఇక ఆగమంది. ఆమె వంగింది. అన్నయ్య ఆమెను చూశాడు, పెదాలు తడుపుకున్నాడు, నోరు తెరిచాడు. ఆయన నోరు మూసుకుని, తల అటు తిప్పుకుని, "పద సిస్టర్" అన్నాడు.

ఆ గొంతు ఈ లోకంలో పలికిన చివరి మాట అదే. అది కూడా ఆమెతో అన్నది కాదు.