బతికున్న మనిషికి పరామర్శ

కొండకల్ నుంచి వచ్చిన చెల్లెలు ఆటో దిగుతూనే శోకం అందుకుంది. "అన్నా! నన్ను చూడకుండనే పోతివా అన్నా!" అని గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి వచ్చి, బెండకాయలు గంపకెత్తుతున్న సంగయ్యను చూసి అక్కడే కూలబడింది.

సంగయ్య మాట తక్కువ మనిషి. "ఎవడు చెప్పిండే నీకు?" అన్నాడు.

"ఫోన్ల వచ్చింది. నీకు చేస్తే ఎత్తవైతివి."

ఆమె చూపించిన ఫోన్లో ఉన్నది ఆయన భార్య జంగమ్మ ఫోటో. తమ టమాటా చేలోనే నిలబడి ఉంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. కింద రాసింది చెల్లెలే చదివింది: "అప్పుల బాధకు భర్తను పోగొట్టుకున్న ఈ తల్లికి మీరే దిక్కు."

పోయిన వారం మొయినాబాద్ ఆఫీసు నుంచి దీక్షిత అని ఒక అమ్మాయి వచ్చి ఆ ఫోటో తీసుకుపోయింది. దేశదేశాల్లో పనిచేసే సేవాసంస్థట. ఆ పిల్ల అక్కడ ఇంటర్న్‌గా చేరిందట, ఫోటోలు తీసి లోకానికి చూపించే పని నేర్చుకుంటోందట. ఆ రోజు జంగమ్మ నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుంది.

జంగమ్మ ఫోటో చూసింది. ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని "నడువు" అంది. చెల్లెల్ని ఇంటి దగ్గర ఉంచి ఇద్దరూ చేవెళ్లకు నడిచి బస్సెక్కారు. దారి పొడుగునా సంగయ్య పళ్ళు పటపటమంటూనే ఉన్నాయి.

మొయినాబాద్‌లో ఆ సంస్థవాళ్ళు ఒక ఫామ్‌హౌస్‌ను ఆఫీసు చేసుకున్నారు. వీళ్ళను చూడగానే దీక్షిత లేచి నిలబడింది. "తాతగారూ, కూర్చోండి."

"కూసోను. బొట్టు ఎవరు చెరిపిన్రు?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేనే. మేనేజర్ సార్ చెరపమన్నారు. ఫోన్లో వేలితో రుద్దితే పోతుంది. గాజులు కూడా..."

"నా మొగుడు కాచిన చాయ్ తాగి పోతివి గదనే!" అంది జంగమ్మ. "తాగినంక ఆయిన్నే సంపుతివా?"

అరుపులకు మేనేజరు ఉజ్వల్ లోపలి నుంచి వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. "అమ్మా, మీ ఫోటో చూసి ఎన్ని దేశాల వాళ్ళు ఏడుస్తున్నారో తెలుసా?"

"నేనే ఏడుస్తలేను. వాళ్ళకేం రోగం?"

"తీసెయ్" అన్నాడు సంగయ్య.

"అది నా చేతిలో లేదండీ, విదేశాల్లో పైవాళ్ళు చూసుకుంటారు. ఒక పని చేద్దాం. చనిపోయాడనుకున్న భర్త తిరిగొచ్చాడని, మా సంస్థే వెతికి తెచ్చిందని వీడియో పెడదాం. ఇద్దరూ చేతులు పట్టుకోండి. దీక్షితా, ఆన్ చెయ్."

సంగయ్య పక్కనున్న కుర్చీని ఎత్తి నేలకేసి కొట్టాడు. అద్దాల తలుపు దడదడలాడింది. "నేనేడికి పోయిన్రా? పొద్దుగాల సంది బెండకాయలు తెంపుతున్న! సంపుడు మీరే, బతికిచ్చుడు మీరేనా?"

దీక్షిత ఫోను పట్టుకుంది గానీ వీడియో తీయలేదు. గబగబా ఏదో నొక్కింది. "తీసేశాను సార్. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది కదా."

"నీకేమన్నా పిచ్చా? సర్టిఫికెట్ ఎవడిస్తాడు నీకు?"

ఆ పిల్ల సంగయ్య వైపు చూసింది, మంచి మాట ఏదో వస్తుందన్నట్టు.

రాలేదు. "నీ దాంట్లకెల్లి పోయింది. మా ఊరోళ్ళ ఫోన్లల్లకెల్లి పోయిందా?"

"అవి నేను తీయలేను తాతగారూ."

"అయితే మాతోని రా. ఇంటింటికి నువ్వే చెప్పు."

వెనక నుంచి ఉజ్వల్ పిలుస్తూనే ఉన్నాడు. దీక్షిత బ్యాగు తీసుకుని వాళ్ళ వెంట నడిచింది. బస్సులో జంగమ్మ పక్కన ఖాళీ ఉన్నా ఆ పిల్ల నిలబడే వచ్చింది. ఎవరూ కూర్చోమనలేదు.

ఊళ్ళో మొదటి ఇల్లు అంతయ్యది. అరుగు ముందు దీక్షిత తల వంచుకుని ఏదో గొణిగింది.

"వినొస్తలేదు" అన్నాడు సంగయ్య. "ఫోటో పెట్టినప్పుడు లోకమంత వినొచ్చె గద! గట్టిగ చెప్పు."

"ఈయన చనిపోలేదండీ" అని గట్టిగానే అంది. "బొట్టు చెరిపింది నేను."

అంతయ్యకు జాలేసింది. "పోనీ సంగన్నా, చిన్న పిల్ల. జర నీళ్ళన్న తాగనియ్యి" అని చెంబు అందించబోయాడు.

జంగమ్మ మధ్యలోకి వచ్చి ఆ చెంబు అందుకుని అరుగు మీద పెట్టింది.

"నీళ్ళు తర్వాత" అంది. "పక్కింటికి నడువు."