నిండుకుంది

ఆ రోజు కూడా ధర్మవరంలో నాగేశ్వరయ్యగారి పట్టుచీరల అంగడి వేళకే తెరిచి ఉంటారు, అగరుబత్తి వెలిగించి కంప్యూటరు మీట నొక్కి ఉంటారు, భాను చేసిన ప్రోగ్రాం ఎప్పటిలాగే తెరుచుకుని రండి కూర్చోండి అని ఉంటుంది, దాని అడుగున సాయం కావలిస్తే భానుకు ఫోన్ చేయండి అని నంబరు ఉంటుంది కదా, ఆ నంబరుకే ఆయన చేశారు, ఫోను నా చేతిలో ఉంది, నేను అనంతపురంలో ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాను, డెంగ్యూ జ్వరంతో ఐదు రోజులు పోరాడిన నా కూతురి ముఖం మీదికి లోపల అప్పుడే దుప్పటి లాగారు, ఏమ్మా భానూ నువ్వు పెట్టిన మాట మా కొంప ముంచింది పో, జరీ నిండుకుంది అని చూపిస్తాంటే మా కోడలు నిండుగా ఉండాదనుకోని ఆర్డరే పెట్టలేదు, పెండ్లిండ్ల కాలంలో మగ్గాలన్నీ ఖాళీగా కూచున్యాయి అని సగం కోపంగా సగం నవ్వుతూ ఆయన అంటున్నారు, నేను భాను నాయనను మాట్లాడుతున్నానని చెప్పాను, భాను పనిలో ఉండాది, తర్వాత చేయిస్తా లేండి అన్నాను, ఎందుకు అలా అన్నానో తెలియదు, ముప్పై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెప్పే నాకు ఆ క్షణాన ఆ ఒక్క వాక్యమే దొరికింది, దొరికిన ఆ వాక్యాన్ని ఈ రోజుకూ వదలలేదు, పెనుకొండలో అందరికీ తెలిసిపోయింది, నాగేశ్వరయ్యగారికి తెలిసింది, బడిలో సంతాపం చెప్పారు, నలభయ్యో దినం ఫాతెహా కూడా అయిపోయింది, పరిగిలో తమ్ముడి ఇంట్లో మంచం పట్టిన మా అమ్మకు మాత్రం భాను పనిలోనే ఉంది.

నిండుకుంది అనే ఆ మాట భానుకు అందించింది నేనే, భోజనాల దగ్గర, నా భార్య జరీనా పళ్లెంలో సంగటి పెడుతుంటే భాను ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, నాయనా, సరుకు సున్నా అయితే ఏమని చూపించాల, లేదు అని పెడితే నాగేశ్వరయ్య మామ ఒప్పుకోడంట, అంగట్లో ఆ మాట పలకకూడదంట అంది, మీ అవ్వ బియ్యం అయిపోతే ఏమంటాది అన్నాను, నిండుకున్యాయి అంటాది, మరి అదే పెట్టు అన్నాను, అది పకపకా నవ్వింది, నాయనా నువ్వు బడిలో ఉండాల్సినోడివి కాదు అంది, అమ్మీ ముందు ఆ డబ్బా మూసి తిను అని జరీనా కసిరింది, నాకు ఆ రోజు ఎంత గర్వంగా ఉండిందో, నూరు పట్టికల మధ్య, నాకు అర్థం కాని ఆ ఇంగ్లీషు వరసల మధ్య నా మాట ఒకటి కూర్చుంది, పట్టికలంటే ఏమిటో కూడా అదే నాకు చెప్పింది, మీ హాజరుపట్టీ మాదిరే నాయనా, మనిషి పేరు ఒక్కచోటే రాయాల, మిగతా అన్నిచోట్లా నంబరు చాలు, పేరులో తప్పుంటే ఆ ఒక్కచోట దిద్దితే అన్నిచోట్లా అదే మారిపోతాది అంది, మారదమ్మా, నీ సంగతి రేషన్‌కార్డు దగ్గర వేరుగా చెప్పాను, బ్యాంకులో వేరుగా, పాలవాడికి వేరుగా, ఫోను కంపెనీ అమ్మాయికి చెబితే సారీ సార్ అని మళ్లీ భాను ఉన్నారా అని అడిగింది.

హిందూపురం బస్టాండులో పరిగి బస్సు నిలబడే ఉండింది, పరిగి పరిగి అని కండక్టరు గొంతు చించుకుంటున్నాడు, పొద్దున ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు జరీనా గడప దగ్గర నిలబడి, హిందూపురం దాకా పోతాండావు, ఆన్నుంచి పరిగి ఎంత దూరం, మీ అమ్మకు చెప్పి రా, ఎన్ని దినాలని ఫోన్లో కతలు చెప్తావు, నావల్ల కాదు వినేదానికి అంది, సరే అన్నాను, హిందూపురంలో భాను పని కోసం అద్దెకు తీసుకున్న గదికి పోయాను, అక్కడ దానితో కలిసి పనిచేసిన శివకృష్ణ, మంచివాడు, దాని కుర్చీలో కూర్చోకుండా స్టూలు మీద కూర్చుని పని చేసుకుంటున్నాడు, సార్, అన్నీ వెబ్‌కు మార్చాల్సిందే, వేరే దారి లేదు, భాను ఒక్కో అంగడికి ఒక్కో రకంగా చేసి పెట్టింది, పెనుకొండ ఎరువుల అంగట్లో ఒకే పేరు రైతులు ఊరంతా ఉండారని వాళ్ల నాయన పేరూ వచ్చేటట్ల చేసింది, ఈడ పట్టుదారం తీసే వాళ్లకు కన్నడంలో చేసింది, ధర్మవరంలో నాగేశ్వరయ్య భార్య కమలాక్షమ్మ కండ్లద్దాలు పెట్టుకోదని ఆ ఒక్క కంప్యూటర్లో ఇంతింత అక్షరాలు పెట్టింది, ఏ చిన్న మార్పు కావాలన్నా స్కూటీ ఎక్కి పెన్‌డ్రైవు పట్టుకోని ఊరూరూ తిరిగేది, నాతో అయితాదా సార్, వెబ్‌లో పెడితే అందరికీ ఒక్కటే, ఈడ కూచోని మార్చినానంటే అన్ని అంగళ్లలోనూ మారిపోతాది, అందరూ ఒప్పుకున్యారు, నాగేశ్వరయ్య ఒక్కడే ఆయమ్మి నాయన వచ్చి మార్చమంటే మార్చు, లేకపోతే నా మిషన్ ముట్టొద్దు అంటాండాడు అన్నాడు, అందుకని బస్టాండుకు వచ్చాం, సార్ బస్సు ఈడ, సార్, యాడికి చూస్తాండారు అని శివకృష్ణ చేయి పట్టుకున్నాడు, నేను పరిగి బస్సుకు వీపు తిప్పి ధర్మవరం బస్సు ఎక్కాను, ఒకటే ఎక్కగలను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

సోమందేపల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు జేబులో ఫోను మోగింది, అమ్మ, ఏమిరా మొద్దీనూ, బస్సు సద్దు వినిపిస్తాండాది, యాడికి పోతాండావు, ధర్మవరానికమ్మా అన్నాను, ఓ అయితే భాను దగ్గరికే పోతాండావా, అవునమ్మా అన్నాను, అవును అనేశాను, శివకృష్ణ కిటికీ వైపు తిరిగాడు, దానికి చెప్పు, నా పేరు మీద కంప్యూటర్లో ఆరు పట్టుచీరలు రాసుకునిందే, ఒక్కటన్నా ఇచ్చిందా, ముసల్దాన్ని మోసం చేస్తాదా, వచ్చినప్పుడు చెవులు పిండుతా అని నవ్వి అమ్మ దగ్గింది, ప్రోగ్రాం సరిగా నడుస్తుందో లేదో చూసుకోవడానికి భాను మొదట ఎక్కించే పేరు ఎప్పుడూ వాళ్ల అవ్వదే, హసీనాబీ, పరిగి, పట్టుచీరలు ఆరు, అంగడికి ఇచ్చేముందు తీసేసేది, తీసేసే ముందు అవ్వకు ఫోన్ చేసి, అవ్వా నీ చీరలు వాపసు పోతాండాయి అని ఏడిపించేది, ఆ పిల్ల గొంతు విని చానా దినాలాయెరా, మాట్లాడించు అంది అమ్మ, పనిలో ఉంటాదమ్మా అన్నాను, ఏం పనిరా అంత పని, మనిషి అన్నాక అవ్వతో రెండు మాటలు మాట్లాడకుండా అంత పనుంటాదా అంది, సిగ్నలు సరిగా లేదమ్మా అని ఫోను పెట్టేశాను, పెనుకొండ వచ్చింది, కొండ మీది కోట గోడ ఎండలో తెల్లగా కనిపించింది, బడిలో ఈ వేళ తొమ్మిదో తరగతికి నా పీరియడు ఉండేది, ఇక్కడే దిగిపోతే ఇంటికి నడిచే దూరం, దిగితే జరీనా చెప్పినావా అని అడుగుతుంది, నేను దిగలేదు.

అంగట్లో పరుపు మీద నన్ను కూర్చోబెట్టి నాగేశ్వరయ్యగారు ఫ్యాను మీట నొక్కారు, చీరల దొంతరల మధ్య కొత్త పట్టు వాసన, ఆయన భార్య కమలాక్షమ్మ కాఫీ తెచ్చి తాగండి అయ్యవారూ, ఎట్లయిపోయినారు చూడండి అంది, ఆయన గొంతు సవరించుకున్నారు, ఆ పొద్దు నేను ఫోన్ చేసింది, నాకు తెలీదు అయ్యవారూ, తెలిసుంటే అన్నారు, తెలిసుండే వీలు లేదు కదండీ అన్నాను, శివకృష్ణ కంప్యూటరు తెరిచాడు, రండి కూర్చోండి, అడుగున భాను పేరు, నంబరు, అందరం ఆ వరస వైపు చూడకుండా పైకి చూశాం, మా తాత కాలం నుంచీ ఈ అంగట్లో లేదు అనే మాట ఎవరి నోటా రానీలేదయ్యవారూ, ఆయమ్మి పెట్టిన మాట నాకు ప్రాణం, కానీ చదివేవాళ్లకు తెలియాల కదా అని ఆయన కోడలి వైపు చూశారు, కోడలు రంజిత బెంగళూరులో పెరిగిన పిల్ల, నన్నెందుకంటారు మామా, నిండుకుంది అంటే ఫుల్ అనుకుంటి, ఎవరైనా అదే అనుకుంటారు, గ్యాస్ అయిపోయినా నిండుకుంది అంటారా అంది, అంటాం, వంటింటి తట్టు ఎప్పుడన్నా వస్తే కదా నీకు వినపడేది అని కమలాక్షమ్మ అంది, నువ్వు అద్దాలు పెట్టుకుంటే కదత్తా నేను వచ్చినానో లేదో నీకు కనపడేది అంది ఆ పిల్ల, నాగేశ్వరయ్యగారు గట్టిగా నవ్వి, నేనున్నానని గుర్తొచ్చి ఆపుకున్నారు, నవ్వనివ్వండి అనాలనిపించింది, భాను ఉంటే ముందు అదే నవ్వేది, వేలు చూపిస్తూ.

నేను మార్చమని చెప్పి లేవడానికే వచ్చాను, ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది, అప్పుడు రంజిత నా వైపు తిరిగి, సార్ మీరు తెలుగు సార్ కదా, లేనిదాన్ని నిండుకుంది అని ఎందుకంటారు, నిజంగా అడుగుతాండా అంది, తరగతిలో లేచి నిలబడి అడిగే పిల్ల ముఖం, దానికి జవాబు నా దగ్గర ఉంది, జవాబు ఉన్న ప్రశ్న విని ఎన్నాళ్లయిందో, లేదు అంటే లేకుండానే పోతుందేమోనని భయమమ్మా, మళ్లీ రావాలని అట్లా అంటారు, బియ్యం మళ్లీ వస్తాయి, నూనె వస్తుంది, మీ జరీ వస్తుంది, వచ్చేదాన్నే అట్లా అంటారు అన్నాను, అయితే సార్, ఇది చూడండి, అని ఆ పిల్ల తెర మీద కిందికి జరిపి ఒక వరస చూపించింది, హంస అంచు చీర, ఈ అంచు గంగన్న ఒక్కడే నేసేవాడు, మగ్గం అమ్మేసి ఎటో పోయినాడు, ఇంక ఈ చీర ఎప్పటికీ రాదు, దీనికీ నిండుకుంది అనే చూపిస్తాండాది, అడిగినోళ్లందరికీ వస్తాది వస్తాది అని చెప్తాండాం, ఒకామె మూడుసార్లు వచ్చి పోయింది సార్ ఆశగా, దీనికేం పెట్టాల అంది, కమలాక్షమ్మ కోడలి మోచేయి గిల్లడం నేను చూశాను, రంజితకు అప్పుడు తట్టింది, చేయి నోటికి అడ్డం పెట్టుకుంది, శివకృష్ణ మీటల మీద వేళ్లు ఎత్తి అలాగే ఉంచాడు, తప్పేం లేదమ్మా, మంచి ప్రశ్న అన్నాను, తరగతిలో అయినా అలాగే అంటాను, శివకృష్ణా, నిండుకుంది అలాగే ఉండనీ, అర్థం కాని వాళ్లకు పక్కన తెప్పించాలి అని ఇంకో మాట చేర్చు, రానివాటికి మాత్రం వేరేగా పెట్టు అన్నాను, ఏమని సార్ అన్నాడు, లేదు అని పెట్టు, నాగేశ్వరయ్యగారూ మీకు అభ్యంతరమా అని అడిగాను, ఆయన తల అడ్డంగా ఊపి పైపంచెతో కళ్లు తుడుచుకున్నారు, శివకృష్ణ కొట్టాడు, హంస అంచు, పక్క గడిలో రెండు అక్షరాలు, లేదు, ఆ అంగడి తెర మీద మొదటిసారి, చూస్తే అంత భయంగా ఏమీ లేవు ఆ అక్షరాలు, ఒకటో తరగతి పిల్లవాడు కూడా రాయగలిగినవి, ఆశగా మూడుసార్లు వచ్చిపోయిన ఆ ఎవరో ఆమెకు ఇక నాలుగోసారి తిరిగే పని లేదు అనుకున్నాను, ఫోనులో బస్సు చప్పుడు విని భాను దగ్గరికే పోతాండావా అని అమ్మ గొంతు ఒక్కసారిగా పడుచు అయిపోవడం గుర్తొచ్చింది, పనిలో ఉందన్న ప్రతిసారీ నేను అమ్మకు చెప్పింది మళ్లీ వస్తుంది అనే, రాని మనిషికి వాడకూడని మాటను ఆసుపత్రి వరండా నుంచి ఈ పరుపు దాకా మోసుకొచ్చాను, తెలుగు తెలిసినవాణ్ణి.

భాను లేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు.