నాలుగు మూలలూ తేటగా

టిఫిను డబ్బాలోంచి తీసిన మెతుకులను వేలితో నలిపి, ఆనందయ్య పేపరు నాలుగో మూలకు కూడా పూశాడు. దాన్ని ఫయాజ్ కొట్టు గోడకు అంటించి, ముడతలు లేకుండా అరచేత్తో ఒత్తాడు. రెండడుగులు వెనక్కి వచ్చి వంకరగా ఉందేమో చూసుకున్నాడు. గమ్ము సీసా బల్ల మీదే ఉంది. అయినా అన్నం మెతుకుకున్న పట్టు ఇంక దేనికీ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీద ఫయాజ్ ఎన్నిసార్లు నవ్వినా ఆయన మారలేదు.

ప్రొద్దుటూరులో కెమెరాలు విప్పి బిగించే కొట్లలో ఇప్పటికి మిగిలింది ఫయాజ్‌దే. తండ్రి పెట్టిన కొట్టు. ఇప్పుడు అన్నం పెట్టేది సీసీ కెమెరాల పని. పాత లెన్సులు మాత్రం అద్దాల పెట్టెలో అలాగే ఉన్నాయి. వాటిని అడిగేవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు వస్తారు. ఆనందయ్య మాత్రం ఈ నెలలోనే మూడుసార్లు వచ్చాడు.

ఆనందయ్యకు అరవై ఆరేళ్లు. పొట్టి మనిషి. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. రోగిని పలక ముందు నిలబెట్టడం, తర్వాత చీకటి గదిలో ఫిల్ము కడగడం, రెండూ ఆయన పనే. ఆ మందు నీళ్లకు కుడిచేతి వేళ్ల కొసలు గోధుమరంగు తిరిగాయి, సబ్బుకు లొంగవు. బయట ఆయన చేసిన ఫోటో పని కూడా తక్కువేం కాదు గానీ, దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. పెళ్లి కుదిరిన ఏడాదే ఒక రష్యా కెమెరా కొన్నాడు. అందులో చూసే కిటికీకి నడిమధ్య పసుపుపచ్చని మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో మనిషి ఇద్దరుగా కనబడతాడు. లెన్సు తిప్పగా తిప్పగా ఇద్దరూ ఒకటైతే దూరం కుదిరినట్టు. తనకంటే ముందు ఇంటికొచ్చింది ఆ కెమెరానే అని భార్య రెబెకా ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన కెమెరాను మూడుకాళ్ల స్టాండు మీద బిగించి, వెనక మూత తీసి, ఫిల్ము ఉండాల్సిన చోట నూనె కాగితం ముక్క అతికించాడు. గోడ మీది పేపరు ఆ కాగితం మీద తలకిందులుగా పడింది. భూతద్దం పెట్టి చూడటం మొదలుపెట్టాడు. ఫయాజ్ అందించిన మొదటి లెన్సు బరువైనది, ముందు అద్దం కోడిగుడ్డంత. నడిమి అక్షరాలు సూదితో చెక్కినట్టున్నాయి. మూలలకు పోయేసరికి తడిసిన పేపరు మీద సిరాలా పాకాయి.

ఆనందయ్య తల అడ్డంగా ఊపాడు.

“మూలలు ఎవురు చూస్తారు మామా?” అన్నాడు ఫయాజ్. “మనిషి నడిమధ్యన తేటగా ఉంటాడు, వెనకాలంతా మసకైపోతాది. శానా అందం. పులివెందుల యశ్వంత్ దీనికోసం దినాము ఫోన్ చేస్తాండాడు. పెండ్లి జోడీలను గండికోటకు తోలకపోయి తీస్తాడు గదా.”

“వాని పనికి పక్కనోళ్లు అడ్డమప్పా. నా పనికి వాళ్లే కావాల.”

ఆ మాట ఊరికే అన్నది కాదు. ఏటా కోతపండగ నాడు గుడి ముందు, అంటే చర్చి ముందు, సంఘమంతా నిలబడి ఒక ఫోటో దిగుతారు. ముప్పై ఎనిమిదేళ్లుగా తీస్తున్నది ఆనందయ్యే. మధ్యలో ఒక్క ఏడాది ఎవరో ఫోన్‌తో తీస్తే, రెండు చివర్లా నిలబడ్డవాళ్ల తలలు సాగి గుమ్మడికాయలయ్యాయి. మళ్లీ ఈయన్నే పిలిచారు. నడిమధ్య కుర్చీల్లో పాస్టరుగారు, పెద్దలు, కానుకలు బాగా ఇచ్చినవాళ్లు. వాళ్ల వెనక టీచర్లు, నర్సులు. రెండు చివర్లకు కూలోళ్లు, గుడి ఊడ్చేవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు. నడిమివాళ్లకు ఇళ్లలో ఆల్బములున్నాయి. చివరివాళ్లకు చాలామందికి ఈ ఒక్క ఫోటోనే దిక్కు. మనిషి పోయాక పటం కట్టించాలని వాళ్లు వచ్చేది ఆనందయ్య దగ్గరికే. అప్పుడాయన ఆ చివరి ముఖాన్ని వేరుచేసి పెద్దది చేసి ఇస్తాడు. వరసలు మార్చడం ఆయన వల్ల కాదు, పెద్దలతో గొడవ. లెన్సు మార్చడమైతే ఆయన చేతిలో పని.

పాత లెన్సుకు లోపల బూజు పట్టింది. ఎప్పుడు పట్టిందో చూసుకోలేదు, తప్పంతా అక్కడే. పోయిన వానాకాలంలో, ఏటా ఎడమ చివర నిలబడే నాగమ్మ చనిపోయింది. ఫోన్‌లో తీసిన ఫోటోలు ఆ ఫోన్‌తోనే పోయాయి. కోతపండగ ఫోటోలో చూస్తే, ఎడమ చివర ముఖం ఉండాల్సిన చోట అలికినట్టుంది. ఆనందయ్య రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో కళ్లూ ముక్కూ దిద్దాడు. నాగమ్మ చెల్లెలు గంగమ్మ ఆ పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “ఈయమ్మ ఎవురప్పా?” అని అడిగింది. ఆ మాటకు ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. ఇప్పటికీ గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాడు.

రెండో లెన్సుకు మూలలు బాగున్నాయి, కానీ ఈ కెమెరాతో దానికి పొత్తు కుదరలేదు. పసుపు మచ్చ పది అడుగులంటే లెన్సు తొమ్మిదంటుంది. అరగదీసి సరిచేయడానికి వారం పడుతుందని ఫయాజ్ చెప్పాడు. ఫోటో ఈ సాయంత్రమే.

మూడోది చిన్నది, గీతలు పడిన అల్యూమినియం ముక్క. ధర మొదటిదాంట్లో సగం కూడా లేదు. పక్కన పెట్టి చూస్తే అడగడానికే మొహమాటపడేట్టుంది. వెలుతురు తక్కువ లోపలికి రానిస్తుంది. నడిమధ్య కూడా మరీ మెరిపించలేదు. ఆనందయ్య భూతద్దాన్ని ఒక్కో మూలకూ జరిపాడు. ఎడమ కింది మూలలో ఎవరిదో పదో తరగతి సర్టిఫికెట్టు పోయిందన్న ప్రకటన ఉంది. దాన్ని మొదటి నుంచి ఆఖరి అంకె దాకా పైకి చదివాడు.

“ఇది ఇచ్చేయప్పా.”

సాయంత్రం పూట దీంతో అర సెకను దాకా తెరిచి పెట్టాల్సి వస్తుందనీ, అంతసేపు జనం కదలకుండా ఉండరనీ ఫయాజ్ హెచ్చరించాడు. మనుషులను కదలకుండా నిలబెట్టడమే తన ఉద్యోగమని ఆనందయ్య నవ్వి, డబ్బులిచ్చి జమ్మలమడుగు బస్సెక్కాడు. సంచిని ఒళ్లో పెట్టుకుని దారంతా నిద్రపోయాడు.

గుడి దగ్గర గంగమ్మ వాకిలి చిమ్ముతోంది. ఎనభైకి దగ్గర పడింది. నలభై ఏళ్లుగా ఆ గుడి ఊడ్చేది ఆమే. ఆయన్ని చూసి చీపురు కింద పెట్టింది.

“కొత్త అద్దం తెస్తివా?”

తెచ్చానన్నాడు.

“ఈ తూరి నా మొగం నా మొగం మాదిరే రావాలప్పా. ఆధార్ కార్డులో దొంగదాని మాదిరుండా. మా అక్కకు జేసినట్ల నాకు జేయాకు.”

“జేయను గంగమ్మా. నువ్వు కదలకుంటే చాలు.”

“నేనెందుకు కదుల్తా,” అని మళ్లీ చీపురు అందుకుంది.

నాలుగింటికి తీయాల్సిన ఫోటో ఐదున్నర దాటింది. కానుకల వేలం తెగలేదు మరి. ఒక సొరకాయ కోసం ఇద్దరు పెద్దలు పంతానికి పోయారు. సొరకాయ ధర మేకపిల్ల ధరకు చేరాక గానీ పాస్టరుగారు ఆపలేదు. అప్పటికి ఎండ గుడి కప్పు మీదికి ఎక్కింది. ఆనందయ్య కొలుచుకున్నాడు. మూలలు తేటగా రావాలంటే అర సెకను. మూలలను వదులుకుని లెన్సు కన్ను పెద్దగా తెరిస్తే అంతసేపు అక్కర్లేదు. ఆయన అర సెకనే పెట్టాడు.

నలభై ఏడుగురు నిలబడ్డారు. గంగమ్మ తెల్లచీర మార్చుకుని వచ్చి ఎడమ చివర, మెట్టు పక్కన నిలబడింది. ఆనందయ్య ముందు కుర్చీల వరస చూసుకుని, తర్వాత రెండు చివర్లూ చూసుకుని, కెమెరా పక్కకు జరిగి మీట తీగ చేతిలోకి తీసుకున్నాడు.

“ఊపిరి బిగబట్టండి,” అన్నాడు. ఎక్స్‌రే గదిలో అనే మాటే. సంఘానికి అలవాటే కాబట్టి అందరూ బిగబట్టారు.

అప్పుడే ఎడమ రొమ్ము కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టైంది. చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. ఇప్పుడాపితే మళ్లీ ఈ వెలుతురు రాదనుకుని, కుడిచేతి బొటనవేలితో మీట నొక్కాడు. లోపల షట్టరు తెరుచుకుని, నిదానంగా మూసుకుంది. “వదలండి” అనాలి. మాట రాలేదు. పాస్టరుగారి ముఖం ఎర్రబడేదాకా జనం అలాగే ఉండి, చివరికి ఎవరో పకపకా నవ్వితే అందరూ వదిలారు.

జనం చెదిరిపోతుంటే గంగమ్మ ఆయన దగ్గరికి వచ్చి, నీళ్లు తాగుతావా అని అడిగింది. గ్యాస్ పట్టిందిలే అన్నాడు ఆయన.

“నువ్వు కదిలినావా గంగమ్మా?”

“లేదప్పా. కదల్లేదు.”

ఆయన ముఖంలో తృప్తి కనిపించింది. స్టాండు మడిచి ఇంటికి పోయాడు. ఆసుపత్రికి పోదామని రెబెకా పోరితే, ముప్పై నాలుగేళ్లు పోయింది చాలదా అన్నాడు. మరునాడు తెల్లవారి ఆమె టీ తెచ్చేసరికి మంచంలోనే పోయి ఉన్నాడు. ఆయన పటానికి ఇబ్బందేం కాలేదు, ఆసుపత్రి గుర్తింపు కార్డు మీది ఫోటో సరిపోయింది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక గంగమ్మే ఫిల్ము మాట ఎత్తింది. రెబెకాకు కెమెరా విప్పడం తెలియదు. ఇద్దరూ దాన్ని సంచిలో పెట్టుకుని ప్రొద్దుటూరు పోయారు. ఫయాజ్ వాళ్లను కూర్చోబెట్టి టీ తెప్పించి, లోపలికి పోయి ఫిల్ము కడిగాడు. ఆరాక కంప్యూటరు మీద పెద్దది చేసి చూపించాడు. నడిమధ్య నుంచి ఎడమకు జరుపుతూ పోయాడు. ఒక్క ముఖం కూడా చెదరలేదు.

చివర గంగమ్మ ఉంది. చెంప మీది పులిపిరి, చెవి దగ్గర తెల్ల వెంట్రుకలు, ముడతలు, అన్నీ ఉన్నాయి. కానీ అందరూ కెమెరాను చూస్తుంటే ఆమె ఒక్కతే దాని పక్కకు చూస్తోంది. కనుబొమలు పైకి లేచాయి. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

“ఇంకో పక్కకు చూసినావే అవ్వా,” అన్నాడు ఫయాజ్, పాపం ఇంతా చేస్తే ఇట్లయిందే అన్నట్టు.

గంగమ్మ తెరను చూస్తూనే ఉంది. తర్వాత రెబెకా వైపు తిరగకుండానే చెప్పింది.

“ఆయప్ప రొమ్ము పట్టుకున్న్యాడు. నేను సూసినా తల్లీ. కదిల్తే ఫోటో చెడతాదని అట్లే నిలబడినా.”

రెబెకా గంగమ్మ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఫయాజ్ టీ గ్లాసులు తీసుకుని బయటికి పోయాడు.

ఈ ముఖం వేరుచేసి పటానికి ఇవ్వమంటావా అని అతను తర్వాత అడిగితే, గంగమ్మ ఇదే ఇమ్మంది.

సంఘం ఫోటో ఇప్పుడు గుడి లోపలి గోడకు ఉంది. నలభై ఆరుగురు ఊపిరి బిగబట్టి ఎదురుగా చూస్తున్నారు. ఎడమ చివర తెల్లచీర కట్టిన ముసలామె మాత్రం ఫోటోలో లేని మనిషి వైపు చూస్తోంది, ఆమె కొంగు అంచు నేత పోగులు లెక్కపెట్టొచ్చు.