అయిదో ఫారం

చేతులు కడుక్కున్నానా లేదా అనుకుంది మల్లేశ్వరి, మూడో ఫారం మీద నాలుగోది పెట్టుకుంటూ, కడుక్కుంది, సబ్బుతో రెండుసార్లు రుద్దింది కూడా, అయినా పొద్దున మిరపకాయల తొడిమలు తీసిన చేతులాయె, ఆ ఘాటు ఎక్కడికి పోతుంది, పోయిన పుస్తకానికి ఇలాగే తెల్లకాగితం మీద ఎర్రగా వేలిముద్ర పడితే గఫూర్ గారు తుమ్మీ తుమ్మీ, ఏమ్మా, దీన్ని చదవమంటావా, కూరలో వెయ్యమంటావా అన్నాడు, అందరూ పడీ పడీ నవ్వారు, ఇవాళ నవ్వే మొహం ఒక్కటీ లేదు, పొడుగాటి బల్ల మీద ఎనిమిది దొంతరలు, ఒక్కో దొంతరలో ఒక్కో ఫారం, అంటే పదహారు పేజీల మడత, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కోటీ తీసి వరసగా పేర్చుకుని కిటికీ దగ్గర కూర్చున్న గఫూర్ గారి ముందు పెడితే ఆయన కుడతాడు, అదీ పని, ఆదివారం ఆదివారం బస్సెక్కి గుంటూరొచ్చి ఆమె ఊరికే చేసిపెట్టే పని, ఈ ప్రెస్సులో జీతం ఎవరికీ లేదు, దీన్ని పెట్టిన ప్రసన్నకుమార్ మేష్టారికీ లేదు, టీ మాత్రం ఉంది, అయిదో దొంతర వచ్చింది, చెయ్యి చాచింది, చెయ్యి వెనక్కొచ్చేసింది, ఆ ఫారంలో తనుంది.

తీసేద్దామా అమ్మా అని అడిగారు మేష్టారు, ఇందాక తను మెట్లెక్కి వచ్చి చెప్పులు విప్పుతుంటే, నిన్న ప్రెస్సులో మాటలు రాసిపెట్టే పిల్ల హారిక అచ్చయిన పేజీని ఫోన్లో పంపింది, తన మాటలే అక్షరాలై కనబడేసరికి తనే మేష్టారికి ఫోన్ చేసి ఏడ్చింది మరి, పేరు మార్చారు, ఏం లాభం, వాగు అదే, గట్టు మీద పుట్ట అదే, పత్తిచేను అదే, ఊళ్లో చంటిపిల్లాడు కూడా గుర్తుపడతాడు, మీ మాట మీదమ్మా, వద్దంటే ఆ ఫారం లేకుండానే కుట్టిద్దాం, కాకపోతే మీ ఊరి కోటేశ్వరి గారి మాటలు కూడా అందులోనే ఉన్నాయి, అవీ పోతాయి, గఫూర్ సూది పెట్టకముందే చెప్పండి అన్నారు మేష్టారు, ఆ గొంతులో విసుగన్నది లేదు, కసురుకున్నా బాగుండును, కోటేశ్వరి ఊరుకుంటుందా, నా గుమ్మంలోకి ఆ పిల్లని తెచ్చి చెప్పవే చెప్పవే అని నన్ను ఏడిపించి చెప్పించావు, ఇప్పుడు నీది బయటపడుతుందని నా నోరు కూడా నొక్కేస్తావా అనదూ, అంటుంది, అనాలి కూడా.

గఫూర్ గారు ఇంకా దారానికి మైనం రాసుకుంటున్నాడు, చేతిలో నాలుగు ఫారాలతో మల్లేశ్వరి బల్ల చుట్టూ ఉత్తినే ఇంకో చుట్టు తిరిగింది, పత్తిచేలల్లో మొగుళ్లని పోగొట్టుకున్న ఆడవాళ్ల మాటలన్నీ పుస్తకం వేద్దామని మేష్టారన్నప్పుడు హారికని వెంటేసుకుని ఇల్లిల్లూ తిప్పింది తనే, వాళ్లు చెబుతుంటే రికార్డు చేసే ఫోను పట్టుకుంది తనే, కోటేశ్వరి చెప్పడం ఆపి కొంగు మొహాన కప్పుకున్నాక ఆ ఫోను ఆపేసినా అయిపోయేది, ఆపలేదు, ఏమైందో ఏమో తన నోరే తెరుచుకుంది, మా ఆయన్ని పాము కరవలేదండి అంది, అంతే, వాగు గండి పడినట్టు అంతా వచ్చేసింది, మిట్టమధ్యాన్నం పత్తిసాళ్లలో ఆయన వెల్లకిలా, పక్కన పురుగుమందు డబ్బా, మూత కూడా పెట్టాడు మహానుభావుడు, తాగేశాక మూత పెట్టాడు, ఆ మూత తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది, డబ్బా వాగులోకి విసిరేసి పాము, పాము అని ఊళ్లోకి పరుగెత్తింది, ఎందుకంటే కూతురు శ్రీరమ్య అప్పుడింకా పలక పట్టుకుని బడికెళ్లే పిల్ల, మీ నాన్న మిమ్మల్ని వద్దనుకుని పోయాడే అని ఎవరైనా అంటే, పైగా అత్త, కంటిదీపంలా పెంచుకున్న కొడుకు, వాడంతట వాడే పోయాడని తెలిస్తే ఆ కన్నతల్లి బతుకుతుందా, పామైతే విధి, ఎవరేం చేస్తారు.

పామే అయింది, పాపం పిల్లకి ఇప్పటికీ చేలో అడుగు పెట్టాలంటే భయం, కర్ర తాటిస్తూ నడుస్తుంది, మరిది వీరబాబు ఆవేళే గడ్డపార తెచ్చి పుట్ట తవ్వి పారేస్తాను, దాని అంతు చూస్తాను అని గోల గోల, అత్త వెంకటేశ్వరమ్మ శవం దగ్గర్నుంచి లేచొచ్చి పుట్టకి అడ్డంగా కూర్చుంది, దాని జోలికి పోయావంటే నా మీద ఒట్టేరా అంది, కొడుకుని తిన్న పాముని కాపాడింది, ఎంత గుండెరా ఆ తల్లిది అని ఊరంతా నెత్తిన పెట్టుకుంది, ఏటా నాగులచవితికి అందరికంటే ముందు చిమ్మిలి, పాలు పట్టుకుని ఆవిడే వెళుతుంది, పాలు పోసి లెంపలేసుకుంటుంది, మిగతావాళ్లు పిల్లాపాపల్ని చల్లగా చూడమని దణ్ణం పెట్టుకుంటారు, ఈవిడేమిటో చెంపలు ఎర్రబడేలా వేసుకుంటుంది, చాల్లే అత్తా లే అని తనే రెక్క పట్టి లేపుతుంది, ఇవాళ పొద్దున్నేమో బయల్దేరుతుంటే పుస్తకం తేవే మల్లీ, రమ్య చదివిపెడుతుంది, వింటాను అంది, బస్సులో దారంతా ఆ మాటే, రమ్య చదువుతుంది, ఆవిడ వింటుంది, అయిదో ఫారం వస్తుంది, అప్పుడు, తీసేయమంటే పోలా, కోటేశ్వరి కాళ్లు పట్టుకుంటే పోలా, తీసేయండి మేష్టారూ అని ఒక్క మాట.

గఫూర్ గారు గట్టిగా తుమ్మాడు, అమ్మా, నువ్వు అంత దూరాన ఉన్నా నీ చేతుల ఘాటు ఇక్కడిదాకా కొడుతోంది, ఏం సబ్బమ్మా అది అన్నాడు, సబ్బుతో పోదండీ, పుట్టిందగ్గర్నుంచీ ఇందులోనే ఉన్నవాళ్లకి ఇక వాసనే తెలీదు అనబోయి మల్లేశ్వరి ఆగిపోయింది, తెలీకపోవడమేమిటి, మిరప ఘాటు మిరపదని తెలుస్తుంది, పత్తిమందు పత్తిమందని తెలుస్తుంది, చీకట్లో మూత తీసినా ఏ మందో చెప్పేస్తుంది అత్త, ఆ మధ్యాన్నం శవాన్ని మంచం మీద దించగానే అందరినీ తోసుకొచ్చి కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని నోటి మీద ముద్దు పెట్టుకుంది, పెట్టుకుని అలా ఉండిపోయింది, తర్వాత తలెత్తి తనకేసి చూసింది, ఆ చూపు ఏడుపు అనుకుంది ఇన్నేళ్లూ, అప్పటిదాకా గొల్లుమంటున్న మనిషి ఒక్క క్షణం నోరు మూసుకుని, ఆ తర్వాతే కదా చుట్టూ మూగినవాళ్లని దూరం జరగండి, పామే, నా కోడలు చెప్పింది కదా, ఎవరూ దగ్గరికి రావద్దు అని అరిచింది, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, ఆవిడే స్నానం చేయించింది, ఆ నోరు ఆవిడే కడిగింది, గడ్డపారకి అడ్డం పడింది, ఏటా పుట్ట దగ్గర చెంపలు, ఏ పాపమూ ఎరగని పురుగు మీద ఇంత నింద మోపామని, దాన్ని చంపనివ్వకపోయినంత మాత్రాన సరిపోదని, అమ్మో, అత్తా, కోడలికి తెలిస్తే బతకదేమోనని నువ్వూ, నీకు తెలిస్తే బతకవేమోనని నేనూ, ఒకే ఇంట్లో, ఒకే కంచం ఒకరు కడిగితే ఇంకొకరు బోర్లిస్తూ.

మల్లేశ్వరి కళ్లు తుడుచుకుంది, చేతుల ఘాటుకి కళ్లు ఇంకా మండిపోయాయి, అయిదో ఫారం తీసి నాలుగోదాని మీద పెట్టింది, ఆరు, ఏడు, ఎనిమిది పేర్చి అంచులు బల్లకేసి తట్టి గఫూర్ గారి ముందుంచింది, ఏమ్మా ఖాయమేనా అన్నాడాయన మేష్టారికేసి చూస్తూ, కుట్టండి అంది, సూది కాగితంలోకి దిగింది, మొదటి పుస్తకం తనకి కావాలి, రమ్య చేత కాదు, తనే చదువుతుంది అత్తకి, పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడకి తెలియని మాట అందులో ఒక్కటీ లేదు.