పసుపు అంటని గిన్నె

ముందు బొటనవేలు. అది లొంగితే మిగతా నాలుగూ వాటంతటవే వస్తాయి. కాఫీ కాయలు కోసి నల్లబడ్డ గోళ్లతో చిట్టెమ్మ, తొమ్మిదేళ్ల మనవరాలు రాజకుమారి చేతిని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తోంది. ఆ పిల్ల బొటనవేలు ఎప్పుడూ పిడికిలి లోపలే ఉంటుంది, మొండిగా. చిట్టెమ్మ అంతకన్నా మొండిది.

ఊళ్లో పసికందులందరికీ పసుపు నలుగు పెట్టి నీళ్లు పోసేది ఆమే. మనవరాలు పుట్టినప్పుడు మరింత ప్రేమగా, మరింత దట్టంగా పూసింది. ఆ పసుపు కింద కామెర్లు ఎవరి కంటా పడలేదు. తెలిసేసరికి మెదడుకెక్కాయి, పిల్ల ఒళ్లు బిగుసుకుపోయింది. ఇప్పుడు పట్నం డాక్టర్లు ఇలాంటి పిల్లలకు కండరాలు సడలించే మందు ఇచ్చి పరీక్షిస్తున్నారు. పనిచేస్తుందని మాట ఇవ్వలేమని ముందే చెప్పారు.

"మాటెవులడిగినారు బాబూ? మందు మీరివ్వండి. సెయ్యి నేనిప్పుతాను," అంది చిట్టెమ్మ.

ఆ రోజు రాజకుమారికి మందు తాగించి లేచేలోగా ఊళ్లోని మంగ్లు వచ్చాడు. మొన్ననే అతనికి కూతురు పుట్టింది. నలుగు పెట్టడానికి రమ్మన్నాడు. పొద్దున్నుంచి గుండెలో పోటుగా ఉన్నా, ఇత్తడి గిన్నె పట్టుకుని బయల్దేరింది. గిన్నెలో గోరువెచ్చని నీళ్లే ఉన్నాయి.

"పసుపేదే?" మంగ్లు తల్లి అచ్చియమ్మ గయ్యిమంది. "ఒట్టి నీళ్లు పోస్తే దేవత ఒప్పుతాదేటి?"

"దేవతకి కళ్లున్నాయి. మనకే లేకపోనాయి. పక్కకి జరుగు!"

ఆసుపత్రిలో నర్సు క్యాథరిన్ నేర్పినట్టు, పిల్లను గుమ్మంలో వెలుతురుకు పట్టి నుదుటిమీద వేలితో నొక్కి వదిలింది. నొక్కినచోట పచ్చగా తేలింది, కామెర్లే. చిట్టెమ్మ పిల్లను గుడ్డలో చుట్టింది.

"మంగ్లూ, బండి తియ్యి. తల్లినీ పిల్లనీ బేగి ఆసుపత్రికి తీసుకుపో. నా మనవరాలు గుంటకి పసుపు పూసి నేను తప్పు సేసినాను. ఏడిస్తే నా గుంట సెయ్యి ఇప్పుకోలేదు. నీ గుంటనైనా దక్కించుకో."

అచ్చియమ్మ తిట్టిపోస్తూనే ఉంది. ఆమె వెళ్లి ఆపకుండా, బండి మలుపు తిరిగేదాకా చిట్టెమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఇంటికొచ్చి, అదే గిన్నెలో అంబలి పోసి మనవరాలి ఒళ్లో పెట్టింది. పక్కనే గోడకు చేరగిలబడి మళ్లీ బొటనవేలు పట్టుకుంది.

సాయంత్రం తోటనుంచి వస్తూ దారిలో మంగ్లు ఫోన్ విని, కోడలు రత్న ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"అత్తా! కామెర్లకి మంగ్లు పిల్లని నీలం లైటు కింద ఎట్టినారంట. టైముకి తెచ్చారన్నారంట!"

రత్న చిట్టెమ్మ భుజం పట్టి కుదిపింది. ఒళ్లు చల్లబడిపోయింది. గోడకు ఆనిన తల మాత్రం నిటారుగానే ఉంది. వేలు పట్టుకున్న ఆమె చెయ్యి ఎప్పుడు జారిందో, చాపమీద పడి ఉంది.

మనవరాలి ఒళ్లో ఇత్తడి గిన్నె అలాగే ఉంది. అడుగున కాస్త అంబలి, అంచుమీద పిడికిలి దాటి వచ్చిన రాజకుమారి బొటనవేలు.