దొంగ మెరుపులు

చందమామ మీద రాళ్ళు పడతాయంటే నమ్మనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పడతాయి. భూమికైతే గాలి ఉంది కాబట్టి వచ్చే రాయి దారిలోనే కాలిపోతుంది, మనం చుక్క రాలిందని మురిసిపోతాం. చంద్రుడికి ఆ గొడుగు లేదు. వచ్చిన రాయి వచ్చినట్టే నెత్తిన పడుతుంది. పడ్డచోట రెప్పపాటు కూడా ఉండని మెరుపొకటి మెరుస్తుంది. ఆ మెరుపుల్ని పట్టుకోవడమే ఈ అక్కాచెల్లెళ్ళ పిచ్చి. పిచ్చి ఎలాగూ తప్పనప్పుడు కాస్త చవకైనది చూసుకోవాల్సిందని బావ అంటూ ఉంటాడు.

అక్క చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమె మొగుడే ఈ బావ, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. చెల్లెలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఇద్దరివీ వేర్వేరు ఊళ్ళు, మధ్యలో సగం రోజు బస్సు ప్రయాణం. ఇద్దరి మేడల మీదా ఒక్కో టెలిస్కోపు, దానికో కెమెరా. నెలవంక కనిపించే సాయంత్రాల్లో, అది దిగిపోయేలోపు, వెలుగున్న వంకను వదిలేసి పక్కనున్న చీకటి భాగానికి గురిపెట్టి వీడియో తీస్తారు. ఎండ పడే వైపు ఎన్ని రాళ్ళు పడ్డా ఏమీ కనపడదు, పట్టపగలు ఎండలో అగ్గిపుల్ల గీసినట్టే. ఒక్కరికే కనపడిన మెరుపు లెక్కలోకి రాదు. అది కెమెరా తప్పు కావచ్చు, దూరాన పోయే విమానం కావచ్చు. ఒకే క్షణాన రెండు ఊళ్ళ నుంచీ కనపడితేనే రాయి పడినట్టు.

ఇక్కడే ఇద్దరికీ పేచీ. అక్కది టీచరు మనసు, బిక్కమొహం వేసిన ప్రతి పిల్లాడికీ రెండు మార్కులు కలిపే రకం. పురుగు అడ్డం వచ్చినా మెరుపే, కెమెరాలో చుక్క కదిలినా మెరుపే. చెల్లెలికి కొట్టెయ్యడమే వృత్తి. అక్క చిట్టా రాగానే తనదాంతో పోల్చి, దొంగది, ఇదీ దొంగదే, అని ఎడాపెడా కొట్టేసేది. "ఏమే, నీ చేతికిస్తే చందమామనే కొట్టేస్తావే!" అని అక్క ఫోనులో పోట్లాడేది. ఆ పోట్లాట కోసమే చెల్లెలు కొన్నిసార్లు మంచివాటిని కూడా అనుమానించేదని బావకు గట్టి నమ్మకం.

ఒకరి మాట ఇంకొకరి కంటి మీద పనిచెయ్యకూడదని చెల్లెలే ఒక కట్టుబాటు పెట్టింది. రాళ్ళు గుంపుగా వచ్చిపడే ఉల్కల వాన వారమంతా ఇద్దరూ మాట్లాడుకోకూడదు. వారం ముగిశాక ముందుగా అక్క తన చిట్టా పంపాలి, ఆ తర్వాతే ఫోను. ఆరు నూరైనా ఇది తప్పకూడదు. దీనికి బావ పెట్టిన పేరు మెరుపుల మౌనవ్రతం. ఆ వారం ఇంట్లో చెవులకు విశ్రాంతి అని ఆనందపడేవాడు.

ఈసారి ఉల్కల వాన ముమ్మరంగా ఉండే రోజుల్లోనే నెలవంక కూడా కుదిరింది. అలా కుదరడం అరుదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మౌనవ్రతం మొదలయ్యే ముందు అక్క కడుపునొప్పి గురించి ఏదో అంది. "గ్యాస్ అయ్యుంటుంది, మాత్ర వేసుకో" అని చెల్లెలు ఓ ఉచిత సలహా పారేసి ఫోను పెట్టేసింది.

వారం ముగిసింది. చెల్లెలికి ఏడు మెరుపులు దొరికాయి, వాటిలో ఒకటి కళ్ళు జిగేల్‌మనేంత పెద్దది. అక్క ఫోను నుంచి, "ఈసారి నీదే ముందు పంపు" అని కబురు వచ్చింది. ఆ సంబరంలో కట్టుబాటు పక్కనపెట్టి, అక్కకి బద్ధకం పట్టిందనుకుని పంపింది. కాసేపటికి అటునుంచి చిట్టా వచ్చింది. ఏడుకి ఏడూ సరిపోయాయి.

చెల్లెలు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టినంత పని చేసింది. వెంటనే మళ్ళీ కూర్చుంది. ఏడంటే ఏడే, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. పురుగు లేదు, విమానం లేదు. కొట్టెయ్యడానికి ఏమీ లేదు. ఒక్క దొంగ మెరుపైనా లేకపోతే అది అక్క చిట్టా కానే కాదు. ఫోను చేస్తే బావ తీశాడు.

"అక్కకివ్వండి బావా."

"పడుకుందమ్మా."

"పొద్దు గుంకకుండానే పడకేంటి?"

"అంటే... స్నానానికి వెళ్ళింది."

"నిద్రలోనా?"

బావ పాడైన ఫ్రిజ్‌ని ఎంతటిదాన్నైనా బాగుచేస్తాడు గానీ పాడైన అబద్ధాన్ని బాగుచెయ్యడం ఆయనకు చేతకాదు. చివరికి నిజం చెప్పేశాడు.

"ఆసుపత్రిలో ఉందమ్మా. పొట్ట కోశారు. చూశారు. మళ్ళీ కుట్టేశారు."

"కుట్టేశారంటే?"

"లోపలి గడ్డ తియ్యడానికి వీల్లేనంతగా పాకిపోయిందట. చెయ్యగలిగిందేమీ లేదన్నారు. మీ అక్కకి మాత్రం తీసేశారనే చెప్పాం. నువ్వూ అదే చెప్పాలి తల్లీ, నీకు దణ్ణం పెడతా. ఆసుపత్రి సంగతి ఉల్కల వాన అయ్యేదాకా చెల్లికి చెప్పకండి, అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది అని మీ అక్కే అంది. టెలిస్కోపు నన్ను చూసుకోమంది."

చెల్లెలు ఫోను పెట్టేసింది. అక్క ఆపరేషను బల్ల మీద పడుకున్న సాయంత్రం తను మేడ మీద కూర్చుని మెరుపులు ఏరుకుంది. నోరు మూసుకోమని కట్టుబాటు పెట్టిందీ తనే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ప్రూఫుల కట్టను నేలకేసి కొట్టింది, మళ్ళీ తనే ఏరుకుంది.

దొరికిన మొదటి బస్సు ఎక్కింది. అక్క ఇంటికి చేరగానే బావ తను తీసిన వీడియోలు చూపించాడు. తెర నిండా తెల్లగా, పాలలా వెలిగిపోతున్న నెలవంక. వారమంతా ఒక్క సాయంత్రం తప్పకుండా, ఎంతో జాగ్రత్తగా, ఎండ పడే వైపే తీశాడు.

"ఎంత వెతికినా ఒక్కటీ కనపడలేదమ్మా. మీ అక్కకి తెలిస్తే బాధపడుతుందని నీ చిట్టానే చూసి దించేశాను."

"చీకటి వైపు కదా బావా పెట్టాల్సింది!"

"వెలుగున్న చోటు వదిలేసి చీకట్లో ఎవరైనా వెతుకుతారా?" అన్నాడు అమాయకంగా.

ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. రెండో సాక్షి లేడు కాబట్టి ఆ ఏడూ గాల్లో కలిసినట్టే. ఈయన్ని ఏమని తిడుతుంది? పెళ్ళాం ఆసుపత్రిలో ఉంటే రోజూ మేడెక్కి, తనకు అర్థం కాని ఆకాశానికి కాపలా కాశాడు.

వార్డులో అక్క మంచానికి అతుక్కుపోయి ఉంది. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. చెల్లెల్ని చూడగానే ఆ కళ్ళు వెలిగాయి.

"ఎన్నే?"

"ఏడు."

"మీ బావవి?"

"ఏడూ కలిశాయి."

బావ టీ తెస్తానని కిందికి వెళ్ళాడు. ఆయన అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయాక అక్క అడిగింది.

"ఎన్ని కొట్టేశావు?"

"ఒక్కటీ లేదక్కా. అన్నీ మంచివే."

"మీ బావ మొదటిసారి తీసినవి, అన్నీ మంచివా? పదేళ్ళలో నావి నువ్వు ఒక్క వారమైనా వదిలిపెట్టావా?"

చెల్లెలు దుప్పటి అంచు సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. అచ్చుతప్పు ఎక్కడున్నా పట్టుకునే మనిషి, తన ముఖంలో తప్పుని మాత్రం దిద్దుకోలేకపోయింది.

"డాక్టరు మీకేం చెప్పాడే?" అంది అక్క నెమ్మదిగా.

అబద్ధం చెప్పాలనే నోరు తెరిచి, మళ్ళీ దుప్పటి అంచే అందుకుంది. అక్క తల ఊపింది, బడిలో పిల్లాడు జవాబు తెలియక నిలబడితే, కూర్చోరా ఫరవాలేదు, అన్నట్టు.

"ఏడవకు. ఆయన వచ్చేస్తాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకి చెప్పకే. నేను బాగైపోతానని నమ్ముతున్నాననుకుని ఆ ధైర్యంతోనే తిరుగుతున్నాడు పిచ్చి మనిషి. అది కూడా పోతే కూలబడిపోతాడు."

"నావల్ల కాదక్కా."

"నా వల్ల అవుతోందిగా. నువ్వూ సాయం పట్టు."

ఏం పట్టుకోవాలో తెలియక అక్క చెయ్యి పట్టుకుంది. అందులో బరువే లేదు. అక్కకు తెలియకూడదని బావ, తెలిసినట్టు బావకు కనపడకూడదని అక్క. ఇద్దరి మధ్యా తను, రెండు వైపులా తాళం వేసిన గదిలో ఉన్నట్టు.

బావ ఫ్లాస్కుతో వచ్చాడు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఏంటి, ఏమైంది?" అన్నాడు బెదురుగా.

"ఏమవుతుంది!" అక్క గొంతు ఎక్కడినుంచో బలం తెచ్చుకుని లేచింది. "మీరు అంత కష్టపడి తీస్తే అన్నీ దొంగవేనంటోంది ఇది. ఏడుకి ఏడూ కొట్టేసింది!"

బావ ముఖం విప్పారింది. అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకుంటున్నారంటే ఇల్లు ఇంకా ఇల్లులాగే ఉందన్నమాట. చెల్లెలి వైపు తిరిగి బతిమాలాడు.

"ఒక్కటైనా ఉంచవమ్మా, మీ అక్క కోసం."

అక్క వేళ్ళు దుప్పటి కింద ఆమె చేతిని నొక్కాయి. చెల్లెలు గొంతు సవరించుకుంది.

"కుదరదు బావా," అంది. "ఒక్కటి కూడా కుదరదు."

ఆయన హాయిగా నవ్వి ముగ్గురికీ టీ పోశాడు.