హాజరుపట్టీలో వనజాక్షి

ముప్పై రెండేళ్లు తనకల్లు చుట్టుపక్కల పల్లె బళ్లలో అ ఆలు దిద్దించాను. రిటైరయ్యాక హత్యలు రాస్తున్నాను. నవ్వకండి. కోర్టు కాగితాలు తిరగేసి, జరిగింది జరిగినట్టు జిల్లా పత్రికలో వారానికొక కేసు. పేర్లు మార్చను. దొంగసాక్షులనైతే ఉతికి ఆరేస్తాను. "మల్లికార్జునయ్య సారుకు భయం లేదప్పా" అని టీకొట్టు దగ్గర అంటుంటే పొంగిపోయేవాణ్ణి.

పోయిన ఆదివారం వనజాక్షి వచ్చింది. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు ఇరవై ఏళ్లు.

"సార్, మా నాయన కేసు రాయండి."

పదేళ్ల కిందట వేరుశనగ చేలో వాళ్ల నాయన ఓబులేసును పక్క చేను సుంకప్ప కొడవలితో నరికి చంపాడు. చూసింది ఈ పిల్ల ఒక్కతే. కోర్టులో భయపడకుండా చెప్పింది కూడా. అప్పుడు సుంకప్ప వకీలు బడి హాజరుపట్టీ తెరిచాడు. ఆరోజు వనజాక్షి బడిలో ఉన్నట్టు రాసి ఉంది. రాసింది నేనే. అది కరువు ఏడు. హాజరు తగ్గితే పిల్లలకు నెలనెలా ఇచ్చే బియ్యం రావని, వచ్చినా రాకున్నా అందరికీ వేసేవాణ్ణి. అది పుణ్యమనే ఇప్పటికీ అనుకుంటాను. పాపం చేసింది బోనులో. "పట్టీ నిజమేనా?" అని అడిగితే, ఉద్యోగం గుర్తొచ్చి "నిజమే" అన్నాను. సుంకప్ప నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

"అత్తగారింట్లో గూడా నన్ను అబద్ధాలకోరు అంటాండారు సార్. ఆ పొద్దు నేను బడికి రాలేదని ఒక్క మాట రాయండి, సాలు."

ఒక్క మాటే. రాయకపోతే ఈ పిల్ల జీవితాంతం అబద్ధాలకోరు. రాస్తే దొంగసాక్షిని నేను. పింఛను పోతుందేమో, సుంకప్ప మీదికి వస్తాడేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వుకున్నవే.

వారం గడువడిగి రాశాను. ఈరోజు మళ్లీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. బడిలో పాఠం ఒప్పజెప్పేటప్పటిలా నిలబడి, మొత్తం చదివింది.

"మా నాయన పేరుండాది. సుంకప్ప పేరుండాది. నా పేరుండాది." కాగితం నా ముందు పెట్టి వేలు చూపించింది. "ఈడ మాత్రం 'ఒక ఉపాధ్యాయుడు' అనుండాది. ఆ సారుకు పేరు లేదా సార్?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. దాన్ని మించి భయమేసింది. పెన్ను తీసి ఆ రెండు మాటలూ కొట్టేశాను. పైన నా ఇంటిపేరు రాశాను. చెయ్యి ఆగిపోయింది.

వనజాక్షి ఇంకా నిలబడే ఉంది.